మొదటి గుక్క

రాచర్ల మండలంలో కొండ కిందున్న ఆ ఊళ్ళో యోసేపు చనిపోయి మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళూ ఆయన భార్య ఎలీషబా ప్రార్థనలో ఒకటే అడుగుతా వచ్చింది. "ప్రభువా, ఆ ఓబులేసుకు నీ దెబ్బ చూపించు. నా కళ్ళతో నేను చూడాల."

చర్చి అయ్యగారు మెత్తగా మందలించినాడు. "ఎలీషబమ్మా, పగ తీర్చడం దేవుని పని. నీది కాదు."

"దేవుని పనే అయ్యగారూ. మర్చిపోతాడేమోనని గుర్తు చేస్తన్నా, అంతే."

యోసేపు కూలి మనిషి. పశువుల వైద్యం ఏ బడిలోనూ చదవలేదు, వాళ్ళ నాయనతో గొర్రెల వెంట తిరిగి నేర్చుకున్నాడు. గొర్రె ఈనలేక కొట్టుకుంటుంటే ముందు తన చేతులు పొయ్యి దగ్గర కాచుకునేవాడు, చల్లటి చెయ్యి తగిలితే తల్లి ఉలిక్కిపడుతుందని. చలికి వణికే మేకపిల్లకు చొక్కా చుట్టిచ్చి, ఉత్త బనీనుతో ఇల్లు చేరేవాడు. ఆదివారం పొద్దున గూడా ఎవరి దొడ్లోనో ఎద్దు గిట్ట కడిగి, చేతులకు వేపనూనె వాసనతోనే చర్చికొచ్చి వెనక చాప మీద కూర్చునేవాడు. "యోసేపన్న వచ్చినాడు, పాట ఎత్తుకోండి" అని ఆడవాళ్ళు వెనక్కి తిరగకుండానే నవ్వేవాళ్ళు.

ఆయనకొక పద్ధతుండేది. వెదురు గొట్టంతో పశువు నోట్లో మందు పోసే ముందు, ఆ ఇంటివాళ్ళు చూస్తుండగా అందులోంచి ఒక గుక్క తాను తాగేవాడు. ఎంత చేదైనా సరే. ఎందుకని అడిగితే, "నోరు లేని జీవం, వద్దని చెప్పలేదు గదా, పాపం" అనేవాడు.

ఆ గుక్కనే ఓబులేసు ఊరికి కనపడకుండా దాచినాడు.

నాలుగేళ్ళ కింద వాన ముఖం చాటేసిన సంవత్సరం అది. ఓబులేసుది తాతల నాటి నుంచి భూమి ఉన్న ఇల్లు. అతని ఎద్దులు రెండూ ఒకేసారి నురగ కక్కుతా కూలిపోయినాయి. కబురొస్తే యోసేపు అన్నం ముందర నుంచి లేచి పోయినాడు. గుక్క తాగినాడు, మందు పోసినాడు. గొట్టం తీసీ తీయకముందే రెండూ ప్రాణం విడిచినాయి. ఓబులేసు ఆ గొట్టం గుంజుకుని కాలి కిందేసి పగలదొక్కినాడు. "మందు పెట్టి చంపినాడు నా ఎద్దుల్ని!" అని వీధంతా వినపడేట్టు అరిచినాడు.

చచ్చిన ఎద్దు పళ్ళ సందున జొన్నాకు ఉండడం యోసేపు చూసినాడు. వాన లేక గిడసబారిన లేత జొన్న పశువుకు విషమని ఈ పక్క పసిపిల్లలకు గూడా తెలుసు. అంత సేద్యగాడై ఉండి తానే ఎద్దుల్ని అందులో విప్పినానని చెబితే ఊరు నవ్వుతుందని ఓబులేసు భయం. ఆ జొన్నాకు సంగతి యోసేపు ఇంటికొచ్చి భార్యకొక్కదానికే చెప్పినాడు.

"మరి ఆడనే చెప్పకపోయినావా?"

"ఎవరు నమ్ముతారే? పోనీలే, మనిషి బెదిరినాడు."

ఆ తర్వాత ఏ ఇంటివాళ్ళూ పిలవలేదు. పక్క దొడ్లో బర్రె ఈనలేక అరుస్తుంటే యోసేపు మంచం మీద లేచి కూర్చుని చెవులు మూసుకునేవాడు. ఏడాది తిరక్కముందే గుండె ఆగి పోయినాడు. పగిలిన గొట్టాన్ని ఎలీషబా రాగి తీగతో బిగించి చుట్టి దూలానికి కట్టింది. పొద్దున లేస్తూనే దాన్ని చూసేది, తర్వాతే మొగం కడుక్కునేది.

ఈ సంవత్సరం మళ్ళీ వాన దాగింది. ఒకరోజు మధ్యాహ్నం ఎలీషబా మేకలు తోలుకుని గట్టెక్కింది. కింద ఓబులేసు జొన్న చేను, మోకాలెత్తున వాడిపోయి ఉంది. పలుపులు తెంపుకున్నాయో ఏమో, మూడు బర్రెలు అందులో దిగి, తలలు దించి పరపరా కొరుకుతున్నాయి. చుట్టుపక్కల మనిషి లేడు.

ఆమె కేకేయబోయింది. నోరు మూసుకుంది. రాయి మీద కూర్చుంది.

"చూపించినావు తండ్రీ" అనుకుంది. మేయండి, బాగా మేయండి. వాడు రొమ్ము కొట్టుకుంటా వచ్చేదాకా మేయండి. ఆ క్షణాన ఆమెకు ఎండ తెలియలేదు, దప్పిక తెలియలేదు. మేకలు ఎటు పోయినాయో గూడా చూసుకోలేదు.

అప్పుడొక బర్రె తల ఎత్తింది. నుదుటి మీద తెల్లటి మచ్చ. చుక్క! అడ్డం తిరిగిన దూడను యోసేపు ఒక పగలంతా కూర్చుని, తల్లికి కబుర్లు చెబుతా చెబుతా బయటికి తీసి, తానే పేరు పెట్టిన చుక్క. అది చూస్తుండగానే మోకాళ్ళ మీద కూలింది.

ఎలీషబా గట్టు దిగి పరుగెత్తింది. అరుస్తా, రాళ్ళు విసురుతా మిగతా రెండింటినీ బయటికి తోలింది. తిరిగొచ్చేసరికి చుక్క కళ్ళు నిలబడిపోయినాయి.

ఆ అరుపులకు ఊరు కదిలింది. రెండు బర్రెలనూ వీధిలోకి తోలుకొచ్చినారు. అవి కాళ్ళు వణికిస్తా, చొంగ కారుస్తా నిలబడినాయి. ఓబులేసు పశువుల డాక్టరమ్మ మహేశ్వరికి ఫోన్ చేసినాడు. "నేను బేస్తవారిపేటలో ఉన్నా, ఇంజెక్షన్ తెస్తన్నా. ఈలోగా బెల్లం నీళ్ళు పట్టండి" అందామె. పట్టడం ఆ వీధిలో ఎవరికీ చేతగాదు.

ఎలీషబా ఇంటికి పోయి బెల్లం కలిపిన నీళ్ళ బిందె, దూలానికున్న గొట్టం తెచ్చింది. ఓబులేసు ఎదురొచ్చినాడు. "అక్కా, తొందరగా పొయ్యక్కా!"

ఇన్నేళ్ళలో అతని నోట ఆమె అక్క కావడం అదే మొదలు.

ఆమె గొట్టం నింపి అతని ముందర పట్టింది. "ముందు నువ్వు తాగు."

"ఏందక్కా ఇది? ఆడ పశువు చస్తంటే..."

"మందు పెట్టే ఇల్లు గదా మాది. తాగు."

తన కాలి కింద పగిలిన గొట్టాన్ని ఓబులేసు గుర్తుపట్టినాడు. అతని ఇంట్లో వాళ్ళు ఎలీషబా గడపలో మంచినీళ్ళు గూడా ముట్టరు. వీధి వీధంతా చూస్తా ఉంది. అతను కళ్ళు మూసుకుని తాగినాడు.

"చచ్చినావా?"

"లేదు."

"ఆ పొద్దు మా ఆయన గూడా తాగినాడు. నువ్వు చూసినావా, లేదా?"

ఓబులేసు మూతి తుడుచుకుని బర్రెల వైపు తిరిగినాడు. అతని భార్య నాగరత్నమ్మ ఇంక తట్టుకోలేకపోయింది. "చెప్పు! ఎద్దుల్ని జొన్నలో విప్పింది నువ్వేనని గూడా చెప్పు. నాలుగేళ్ళు నా నోరు నొక్కినావు, చాల్లే."

"చూసినా" అన్నాడు ఓబులేసు. "తాగినాడు. విప్పింది నేనే."

"గట్టిగా. ఆ పొద్దు అరిచినంత గట్టిగా."

అరిచి చెప్పినాడు. అప్పుడు ఎలీషబా బర్రె మూతి ఎత్తి పట్టి, "తల్లీ, ఇంతే, ఇంతే" అంటా బెల్లం నీళ్ళు పోసింది. అచ్చం యోసేపు గొంతే అనుకున్నారు వీధిలో ముసలివాళ్ళు.

డాక్టరమ్మ వచ్చి రెండింటికీ ఇంజెక్షన్లు చేసింది. సాయంత్రానికి అవి చెవులాడించినాయి. "ఇవి బతుకుతాయి. చేలో పడిందాన్ని గూడా కాస్త ముందు ఎవరైనా చూసుంటే బతికేది" అందామె, బ్యాగు సర్దుకుంటా.

ఓబులేసు ఎలీషబా వైపు తిరిగినాడు. మాటలో నిష్ఠూరం లేదు, ఊరికే అడిగినాడు. "అక్కా, నువ్వు ఎప్పుడు చూసినావు?"

అది కూలినప్పుడే చూసినా అని చెప్పొచ్చు. కాదనే వాళ్ళు లేరు. ఎలీషబా చేతిలో గొట్టం ఇంకా తడిగా ఉంది.

"మేస్తన్నప్పుడే చూసినా" అంది. "చూస్తా కూర్చున్నా. కూలిందాకా లెయ్యలేదు."

మళ్ళీ తానే గొంతు పెంచి అంది, అందరికీ వినపడేట్టు:

"రెండు ఎద్దుల్ని నువ్వు చంపినావు. చుక్కను నేను చంపినా. ఈ ఊళ్ళో ఏ పశువునూ చంపనోడు ఆయన ఒక్కడే."

గొట్టం కొంగుతో తుడుచుకుని, గట్టు మీద చెల్లాచెదురైన మేకల్ని వెతుక్కోడానికి పోయింది.