వల ఒడ్డుకు రాకముందే చెప్పాలంట

ఓబయ్య భుజాన వల వేసుకుని ఇంట్లోంచి బయటికొస్తుంటే, ఎంత కావలసినోడైనా సరే, "యాడికి?" అని అడగకూడదు. "ఈ పొద్దు ఏం పడుద్ది?" అని అసలే అడగకూడదు. విడవలూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఆ పాలెంలో పుట్టిన బిడ్డలకి అమ్మ, నాయన అనే మాటలతో పాటే ఈ సంగతి కూడా వచ్చేస్తుంది. ఒకసారి టౌను నుంచి ఇన్సూరెన్సు చేయించేదానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, పాపం మర్యాదకే, "ఏం ఓబయ్యా, ఇవాళ వంజరం బాగా పడేటట్టుందే" అన్నాడు. ఓబయ్య వల దించినాడు, ఇంట్లోకి పోయినాడు, దుప్పటి కప్పుకుని పొణుకున్నాడు. ఆయన తల్లి మస్తానమ్మ మాత్రం ఊరుకునే రకం కాదు. చీపురు పట్టుకుని ఆ పెద్దమనిషిని తారు రోడ్డు దాకా సాగనంపింది. ఇప్పటికీ ఆ వీధిలో ఒక్కరికి కూడా ఇన్సూరెన్సు లేదు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని పెద్దోళ్లు ఊరికే అన్నారా? చేప పడవలోకి ఎక్కినా సరే, పడవ ఇసకను తాకేదాకా ఆ చేప సముద్రానిదే. ఒడ్డున నిలబడిన ఆడోళ్లకి పడవ నీళ్లలో ఎంత దిగి వస్తుండాదో చూస్తేనే అంతా తెలిసిపోతుంది. అయినా ఒక్కరు నోరు తెరవరు, కళ్లతోనే నవ్వుకుంటారు.

గంగాభవాని ఈ ఓబయ్య కూతురు. ఆ పాలెంలో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి పిల్ల. ఎం.ఏ. సోషల్ వర్కు చదువుతుండాది, నెల్లూరులో హాస్టల్లో ఉంటాది, శనివారం శనివారం ఇంటికి పోతాది. నోరుంది, తెలివుంది, క్లాసులో లేచి నిలబడిందంటే సార్లు కూడా సర్దుకుని కూర్చుంటారు. అట్లాంటి పిల్ల రాసిన ప్రాజెక్టు రిపోర్టు రెండుసార్లు వెనక్కొచ్చింది.

రిపోర్టు చేపలమ్ముకునే ఆడోళ్ల మీద. ఐదు నెలలు నలభై రెండు మంది వెంట తిరిగింది. తెల్లారి ఒడ్డున బుట్ట ఎత్తుకున్న దగ్గర్నించి సంతలో ఆఖరి చేప తెగేదాకా వాళ్ల వెనకే. ఆటోల్లో బుట్టల మధ్య ఇరుక్కుని పోయింది, ఎండకు మాడింది, ఒంటినిండా నెత్తళ్ల చేపల వాసనతో తిరిగొచ్చింది. హాస్టల్లో పక్క మంచం పిల్ల షారన్ ముక్కు మూసుకుని, "నువ్వు రిపోర్టు రాస్తుండావా, పులుసు పెడతుండావా మే?" అని అడిగేది. అంతా చేసి, ఇంగ్లీషులో కిందా మీదా పడి అరవై నాలుగు పేజీలు రాసింది. గైడు ఆనందబాబు సారు మొదటి పది పేజీలు చదివి, ఎర్ర పెన్నుతో "ఏం కనుక్కున్నావు?" అని రాసి వెనక్కిచ్చినాడు. రెండోసారి అదే మాట ఇంకా పెద్ద అక్షరాలతో రాసినాడు. ఆ పైన నోటితోనే చెప్పేసినాడు, శుక్రవారం సాయంత్రం నాలుగ్గంటల లోపల తను సంతకం పెట్టగలిగే రిపోర్టు తేవాలని, లేకపోతే ఏడాది పోయినట్టేనని. ఆ రోజు మంగళవారం.

షారన్ వాళ్ల నాయన ముత్తుకూరు నుంచి రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి, పరీక్షలెప్పుడు, మార్కులెన్ని, సార్లు ఎట్లా చెప్తుండారు అని ఆ పిల్ల ప్రాణం తీస్తాడు. ఓబయ్య కూడా ఫోన్ చేస్తాడు. "తిన్నావా?" అంటాడు. "తిన్నా" అంటాది ఈ పిల్ల. "సరే" అని పెట్టేస్తాడు. రెండేళ్లలో ఒక్కసారి కూడా ఏం చదువుతుండావని అడిగినోడు కాదు. "మా నాయనకి నేను చదువుకు పోయినానో గడ్డికి పోయినానో కూడా పట్టదు" అని ఆ మంగళవారం షారన్‌తో అనింది. నవ్వతానే అనింది గానీ కళ్లలో నీళ్లు తిరిగినాయి.

"ఏడ్చింది చాల్లే. రేపు పోయి ఎవాంజెలిన్ మేడాన్ని కలువు" అనింది షారన్.

లైబ్రరీ వెనక, పాత పేపర్లు కట్టలు కట్టి పడేసే చోట ఒక చిన్న గది ఉంటాది. తలుపు మీద "రాతలో సాయం, ఒక్కొక్కరే రావలెను" అని కాగితం అంటించి ఉంటాది. మనిషికి నలభై నిమిషాలు. ఇంగ్లీషు రానోళ్లు పోయే గది అని పేరు పడిపోయింది కాబట్టి, జనం అక్కడికి సారా కొట్టుకు పోయినట్టు అటూ ఇటూ చూసుకుంటా పోతారు. భవాని కూడా చున్నీ తల మీదికి లాక్కునే పోయింది.

ఎవాంజెలిన్ మేడం రోజూ కోట నుంచి బస్సులో వస్తాది. యాభై దాటినామె, పాస్టరు గారి కూతురు, చేతిలో మిరియాల టీ ఫ్లాస్కు లేకుండా కనపడదు. భవాని రిపోర్టు బల్ల మీద పెట్టి, "ఇంగ్లీషు సరిచేయండి మేడం" అనింది.

"నా పెన్ను బ్యాగులోంచి బయటికి రాదమ్మా" అనింది మేడం. "ఇక్కడ రాసేది నువ్వు, అడిగేది నేను. ముందు నోటితో చెప్పు. ఏం కనుక్కున్నావు?"

భవాని రిపోర్టును మేడం వైపు జరిపింది. "చదవండి మేడం, తెలుస్తుంది."

"చదువుతాలే. ఒక్క ముక్కలో చెప్పు."

"ముందే చెప్తే ఎట్లా మేడం?"

"మరెప్పుడు చెప్తావు?"

"దారిలో వస్తుంది మేడం. చదవతా పోండి."

ఈ పిల్ల ఏమీ కనుక్కోలేదేమో, అందుకే దాటేస్తుండాదేమో అనుకుంది మేడం. జాలి పడి ఒక కప్పు టీ కూడా పోసింది. పోసి, పేజీలు తిప్పతా పోయింది. సముద్రం గురించి పదిహేను పేజీలు. బుట్టల గురించి తొమ్మిది. ఆటోలు, సంతలు, ఎండలు, అన్నీ ఉండాయి. అరవై ఒకటో పేజీ దగ్గర మేడం ఆగింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది.

అక్కడ రాసి ఉండేది ఇది, మనం తెలుగులోనే చెప్పుకుందాం. చేప రోడ్డు మీద పాడవడం లేదు. సంతలోనూ పాడవడం లేదు. పాలెం బయట మలుపు దగ్గర, ఎండలో, ఆటో కోసం ఎదురుచూసే గంటన్నరలో పాడవుతుండాది. ఆ మలుపులో ఒక రేకుల పందిరి వేస్తే పారేసే చేపలో సగం నిలుస్తుంది.

"ఇంత మంచి మాటని ఇక్కడ దాచినావేందమ్మా?"

"దాచలేదు మేడం. ఒడ్డుకు తెస్తుండా."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. వల, ఇన్సూరెన్సు, చీపురు, అన్నీ చెప్పింది భవాని. మేడం నవ్వి నవ్వి, కొంగుతో కళ్లొత్తుకుని, మళ్లీ చీపురు గుర్తొచ్చి మళ్లీ నవ్వింది. నవ్వు ఆగినాక అనింది: "మా కోటలో హెబ్రోను తాత అని ఉండాడు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పేదానికి లేచినాడంటే మొదటి మాటే, 'దేవుడు నా గేదెను బతికించినాడు, స్తోత్రం' అంటాడు. ఆ తర్వాత ముప్పావు గంట. గేదె ఎట్లా తప్పిపోయింది, ఎవరి కాలవలో పడింది, డాక్టరు ఏమన్నాడు. గేదె బతికిందని అందరికీ మొదట్నే తెలుసు. అయినా ఒక్కరు లేచి పోరు. ఇది కూడా అంతే. మొదటి పేజీలో గేదెను బతికించెయ్యి."

భవానికి అర్థమైంది. అర్థం కాక ఏముంది? పెన్ను తీసింది. "ఈ ఐదు నెలల పనిలో తేలింది ఏమిటంటే" అని రాసింది. ఆగింది. చెయ్యి కదల్లేదు.

మేడం ముందుకు వంగి కాగితం చూసింది. "ఏమైంది?"

"మా నాయన ఈ పొద్దు సముద్రం మీద ఉండాడు మేడం" అనింది భవాని, తల ఎత్తకుండానే. "నవ్వకండి. ఎం.ఏ. నేను చదివినా గానీ, ఈ చెయ్యి చదవలేదు."

ఈసారి మేడం నవ్వలేదు. రేపు రమ్మనింది.

గురువారం భవాని ఐదు రకాలుగా రాసిన మొదటి పేజీ తెచ్చింది. ఐదూ అదే గడప దగ్గరికొచ్చి ఆగిపోయినాయి. రేపు సాయంత్రానికి ఏడాది పోయినట్టేనని తనకు తెలుసు, మేడానికీ తెలుసు. మేడం కాగితాలు పక్కన పెట్టేసి, "మాది పొలాల ఊరు, నాకు తెలీదు గాబట్టి అడుగుతుండా. పడవ ఒడ్డుకు తగిలినాక ఏం జరుగుతుంది?" అనింది.

"వేలం మేడం. చీపురు పట్టిన మా అవ్వే పాడతాది. ఐసు పెట్టె మీదికెక్కి నిలబడిందంటే పక్క పాలెంలో పడుకున్నోళ్లు కూడా లేస్తారు."

"ఏమని పాడతాది?"

"ఏమనేదేముంది? చేప పేరు చెప్తాది. ఎంత ఉండాదో చెప్తాది."

"వల యాడ వేసినారు, గాలి ఎటు తోలింది, ఎన్ని గంటలు కాచుకున్నారు, ఇవన్నీ ముందు చెప్పదా?"

"అవన్నీ ఎవరికి కావాలి మేడం ముందు, చేప ఏందో చెప్పకుండా..."

మేడం ఫ్లాస్కు మూత నిదానంగా తిప్పతా అడిగింది, "నీ నలభై రెండు మంది ఇంకా సముద్రం మీదే ఉండారా?"

"లేదు మేడం. వాళ్ల వెంట తిరిగేది ఫిబ్రవరిలోనే అయిపోయింది, అందరూ ఒడ్డుకొచ్చేసినారు."

ఇంక చూడండి. ఆ పిల్లకి నవ్వొచ్చింది. చిన్న నవ్వు కాదు, కుర్చీ పట్టుకుని నవ్వే నవ్వు. నవ్వతానే పెన్ను పట్టింది, ఊపిరి తిప్పుకోకుండా పేజీ నింపేసింది, నింపినాక లేచి నిలబడి మస్తానమ్మ గొంతుతో, అదే సాగదీత, అదే చెయ్యి ఊపు, ఇంగ్లీషు రిపోర్టును వేలం పాడేసింది. లైబ్రరీ చూసుకునే సమాధానం గారని ఒకాయన, మెత్తని మనిషి, గొడవ చేయొద్దని చెప్పేదానికి పరుగున వచ్చినాడు. వచ్చినోడు తలుపు దగ్గరే నిలబడిపోయి, "గంటన్నరా? అందుకా మా ఇంటికొచ్చే చేప అట్లా ఉంటాది? తర్వాత ఏమైందమ్మా?" అన్నాడు. మేడం భవాని వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసింది. మిగతా పేజీలు కూడా ఆ ఊపులోనే సర్దుకున్నాయి. మేడం పెన్ను మాత్రం బ్యాగులోంచి బయటికి రాలేదు.

శుక్రవారం మూడున్నరకి ఆనందబాబు సారు హెల్మెట్టు చేత్తో పట్టుకుని ఇంటికి బయలుదేరతుండాడు. నిలబడే మొదటి పేజీ చదివినాడు. హెల్మెట్టు బల్ల మీద పెట్టినాడు. కూర్చున్నాడు. భవాని ఒంటికాలి మీద నిలబడింది. పదో పేజీ దగ్గర ఆగే మనిషి ముప్పై దాటినాడు, యాభై దాటినాడు, చివరిదాకా పోయినాడు.

"ఇది రెండు నెలల కిందటే ఎందుకు రాయలేదు నువ్వు?"

"పడవ ఒడ్డుకొచ్చేసిందని నాకు నిన్ననే తెలిసింది సార్."

సారుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా సంతకం పెట్టినాడు.

బస్సులో విడవలూరు దాకా భవాని కిటికీ పక్కన కూర్చుని ఒంటరిగా నవ్వుకుంటా పోయింది. పక్కనామె కొంచెం జరిగి కూర్చుంది కూడా. ఆటో దిగింది అదే మలుపులో, తన నలభై రెండు మంది ఎండకు మాడే మలుపులో. అక్కణ్ణించి చెప్పులు చేతబట్టుకుని ఇసకలో పరుగు.

ఓబయ్య పడవ నీడన కూర్చుని చిరిగిన వల అల్లుకుంటుండాడు. పక్కన మస్తానమ్మ ఆకు వక్క నమలతుండాది. శనివారం రావలసిన పిల్ల శుక్రవారమే ఊడిపడితే ఏ తండ్రైనా ఏమైందని అడుగుతాడు. ఓబయ్య ఒక్కసారి మొహంలోకి చూసి, చూపు వల మీదికి తిప్పేసుకుని, "తిన్నావా?" అన్నాడు. ఆ చేతుల్లో అల్లుకర్ర మాత్రం ఆగిపోయింది.

భవాని అది చూసింది. అవ్వ వేలం పాడే ఐసు పెట్టె మీదికి తానే ఎక్కి నిలబడి, అవ్వ గొంతుతోనే, ఒడ్డంతా వినపడేటట్టు పాడింది. "పాసు, పాసు, మూడో వేటకి పాసు. సారు సంతకం పడింది, ఇంక తిరుగు లేదు."

ఓబయ్య వల పక్కన పెట్టినాడు. లేచినాడు. "ఒడ్డుకొచ్చేసినట్టేనా పాపా?"

"వచ్చేసినట్టే నాయనా."

"నిజంగానా? ఇంక అడగొచ్చా?"

"అడుగు నాయనా."

అంతే, ఓబయ్యకి గట్టు తెగింది. ఏందమ్మా నీ చదువు పేరు? సారు మంచోడేనా? నీకు ముందు బెంచీనా వెనక బెంచీనా? కూరలో ఉప్పు సరిగ్గా ఏస్తారా? ఇంగ్లీషులో నిన్నెవురన్నా ఎగతాళి చేసినారా, పేరు చెప్పు. రెండేళ్ల ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి పడతుండాయి. నడమ "రోజూ నోటిదాకా వచ్చేది పాపా. పడవ పోతుంటే ఎట్లా అడిగేది?" అన్నాడు. తిన్నావా, సరే అని పెట్టేసిన ఆ ఫోన్లన్నీ భవాని గుండెలో ఒక్కసారిగా మోగినాయి. ఐసు పెట్టె మీద నిలబడే ఏడ్చింది, నవ్వతానే ఏడ్చింది.

మస్తానమ్మ ఆకు ఉమ్మేసి, మనవరాలి చెయ్యి పట్టి కిందికి దించింది. "నా పెట్టె ఎక్కినావు, పాట బానే పాడినావు. చేప ఏందో తెలిసింది. ఇప్పుడు వల వేసిన కాణ్ణించి చెప్పు" అని ఇసకలో చతికిలబడింది.

భవాని మొదటి నుంచి మొదలుపెట్టింది. ఇరుగుపొరుగు ఒక్కొక్కరే వచ్చి చేరినారు. ఏడాది నిలిచిందని అందరికీ ముందే తెలుసు. దీపాలు పెట్టే వేళ దాకా ఒక్కరు లేచి పోలేదు.