హారన్ బాబాయి బస్సు

మా నాన్నని ఊళ్ళో అందరూ హారన్ బాబాయి అనేవారు. తనకన్నా పెద్దవాళ్ళు కూడా బాబాయి అనే పిలిచేసరికి ఆయనకి ఒళ్ళు మండేది. మలుపున్నా లేకున్నా, అడ్డం మనిషొచ్చినా పిల్లొచ్చినా, అసలేమీ రాకపోయినా హారన్ కొట్టడం ఆయన అలవాటు. "నీ చేతికి దురద, మా చెవులకి చిల్లు" అని అమ్మ రోజూ దెప్పేది. ఇంటి ముందు సైకిల్ దిగినా బెల్లు కొట్టి గానీ లోపలికి వచ్చేవాడు కాదు.

అంతకుముందు రేవు నుంచి ఉప్పు బస్తాల లారీ తోలేవాడు. ఊరి చివర కొండవాలు మీద మిత్రదేశం సైన్యం క్యాంపు వేసి, కుటుంబాలని తెచ్చుకుని, వాళ్ళ పిల్లల్ని కూడా మా ఊరి బడికే పంపుదామని నిర్ణయించుకున్నాక బస్సు డ్రైవరుగా చేరాడు. పొద్దున్నే క్యాంపు గేటు దగ్గర ఆ పిల్లల్ని ఎక్కించుకుని, బజారు వీధిలో ఊరి పిల్లల్ని ఎక్కించుకుని, బడి దగ్గర దింపాలి. ఉప్పు బస్తాలే నయం, నోరు మెదపవు అనేవాడు గానీ, ఏ పిల్ల ఏ సీట్లో కూర్చుంటుందో, ఎవరికి మలుపులో కడుపులో తిప్పుతుందో ఆయనకి కంఠతా వచ్చు.

సముద్రం అవతలి దేశం మా రేవు మీద ఎప్పట్నించో కన్నేసి ఉంది. అందుకే మా ప్రభుత్వం వీళ్ళని పిలిచి చోటిచ్చింది. రేవు ఆఫీసులో పనిచేసే మా పెదనాన్నకి ఇది బొత్తిగా గిట్టేది కాదు. వాళ్ళ లారీలు రోడ్డంతా గుంతలు చేశాయనీ, జీతాల రోజున వాళ్ళ కుర్రాళ్ళు తాగి గొడవ చేస్తారనీ అనేవాడు. అందులో అబద్ధమేమీ లేదు, నాన్నా కాదనేవాడు కాదు. కాకపోతే ఒకమాట మాత్రం వదిలేవాడు కాదు.

"అన్నయ్యా, కబురు పెడితే వచ్చేవాడు వేరు, వాకిట్లో ఉన్నవాడు వేరు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే ఏం లాభం?"

"బావి సరేరా, అవసరానికి నీళ్ళు తోడతారని నమ్మకమేంటి?"

"పిల్లల్ని తెచ్చుకున్నారు కదా. పారిపోదామనుకునేవాడు పిల్లల్ని వెంట తెచ్చుకుంటాడా?"

ఊరంతా లోపల్లోపల అనుకునేది కూడా అదే. అందుకే మా బజారుకి ఓ వింత అలవాటు అబ్బింది. అవతలి దేశం కయ్యానికి కాలు దువ్వుతోందని రేడియోలో వచ్చిందంటే చాలు, తెల్లారి దుకాణాల వాళ్ళు షట్టరు సగం ఎత్తి ఆగేవారు. నాన్న బస్సు రావాలి, కిటికీల్లో ఆ పిల్లల మొహాలు కనపడాలి, అప్పుడు మిగతా సగం ఎత్తేవారు. మంత్రిగారి ఉపన్యాసం వాళ్ళకి అక్కర్లేదు. క్యాంపు పిల్ల ఒకతి కిటికీకి ముక్కు ఆనించి నాలుక బయటపెట్టి వెక్కిరిస్తే చాలు, ఆ రోజు యుద్ధం లేనట్టే.

ఆ ఏడాది మాత్రం వ్యవహారం ముదిరింది. రేవు ఎదురుగా అవతలివాళ్ళ ఓడలు వచ్చి నిలబడ్డాయి. చాలా ఇళ్ళలో మూటలు కట్టి గుమ్మం దగ్గర పెట్టుకున్నారు. నేను అమ్మ కడుపులో ఉన్నాను కాబట్టి ఇదంతా విన్నదే. కానీ ఎన్నిసార్లు విన్నానంటే, నేనే బస్సులో కూర్చుని చూసినట్టు చెప్పగలను. తెల్లవారుతూనే అమ్మకి నొప్పులు మొదలయ్యాయి. బజారు వీధిలోని చిన్న ఆసుపత్రిలో చేర్చి, నర్సమ్మకి అప్పజెప్పి, పెద్దమ్మని తోడు కూర్చోబెట్టి, నాన్న బస్సు తీసుకుని వెళ్ళాడు. డాక్టరు అప్పటికే ఊళ్ళో లేడు. ఉన్న దిక్కల్లా నర్సమ్మే.

క్యాంపు గేటు దగ్గర ఒక్క పిల్లా లేదు. ఆటలమ్మ పోసి సగం మంది పిల్లలు మంచం పట్టారని, మిగతావాళ్ళని కూడా ఇవాళ పంపడం లేదని కాపలా సిపాయి చెప్పాడు. పాపం పిల్లలు అనుకున్నాడు మా నాన్న. అనుకుని, ఊరి పిల్లలైనా ఎదురుచూస్తుంటారు కదా అని, ఆ ఖాళీ బస్సుని హారన్ కొట్టుకుంటూ మరీ బజారు నడిబొడ్డుకి తీసుకొచ్చాడు. బుర్రలో ఒకవైపు భార్య, ఇంకోవైపు పుట్టబోయే బిడ్డ, ఇక షట్టర్ల సంగతి ఎక్కడ గుర్తుంటుంది!

వెనక షట్టర్లు దబదబా దిగుతున్న చప్పుడికి గానీ ఆయనకి తెలివి రాలేదు. మూటలు రోడ్డెక్కాయి. ఆసుపత్రి ముందు నర్సమ్మ భర్త స్కూటర్ స్టార్ట్ చేసి ఉంచాడు. ఆమె సంచీ భుజానికి తగిలించుకుని మెట్ల మీద నిలబడింది. ఆటలమ్మ సంగతి నాన్న చెప్పాడు. అక్కడ ఎవరూ నమ్మలేదు, నేనైనా నమ్మేదాన్ని కాదు.

"నాకూ పిల్లలున్నారన్నా," అంది నర్సమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయట. "క్యాంపువాళ్ళు వెళ్ళిపోకపోతే నేనూ వెళ్ళను. కానీ నా కళ్ళతో చూడాలి."

లోపలి నుంచి అమ్మ కేక వినపడింది. నాన్న బస్సుని మళ్ళీ క్యాంపు వైపు తిప్పాడు. ఆ దారంతా హారన్ మీదనుంచి చెయ్యి తియ్యలేదట. ఆ ఒక్కరోజుకి మాత్రం అమ్మ ఆయన్ని క్షమించింది.

గేటు దగ్గరికి గొడుగావిడ వచ్చింది. ఆమె క్యాంపులో ఓ ఆఫీసరు భార్య. ఎండ పడదని గొడుగు లేకుండా గడప దాటదు కాబట్టి నాన్న పెట్టిన పేరది. మా మాట వచ్చీరానట్టు వచ్చు. నాన్న చెప్పింది మొత్తం విని, ఇంట్లోకి వెళ్ళింది. ఆటలమ్మ ముందే వచ్చి తగ్గిపోయిన తన ఇద్దరు పిల్లల్ని, ఇరుగుపొరుగు తల్లుల్ని, అలాగే తగ్గిన వాళ్ళ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. అందరినీ బజారు వైపు కిటికీల దగ్గర కూర్చోబెట్టి, తనూ ముందు సీట్లో కూర్చుంది. గొడుగు తెచ్చుకోలేదు.

బస్సు మళ్ళీ బజారులోకి వచ్చింది. నాన్న దాన్ని నడిపించలేదు, పెళ్ళి ఊరేగింపులా పాకించాడు. మచ్చల మొహాలతో పిల్లలు చేతులూపుతున్నారు. మూటలతో ఉన్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగారు. ముందుగా ఒక షట్టరు లేచింది, దాన్ని చూసి మిగతావి లేచాయి. నర్సమ్మ సంచీ కొక్కేనికి తగిలించి చేతులు కడుక్కుంది. ఆమె చేతుల్లోనే నేను పుట్టాను. నేను అడ్డం తిరిగానట, ఆమె లేకపోతే అమ్మా నేనూ ఇద్దరం దక్కేవాళ్ళం కాదట. కొన్నాళ్ళకి అవతలి ఓడలు వచ్చినదారినే పోయాయి. క్యాంపు కదలదని వాళ్ళకి అర్థమయిందని నాన్న అన్నాడు. పెదనాన్న మాత్రం గాలి మారిందన్నాడు. అయినా నా బారసాలకి గొడుగావిడని పిలుచుకొచ్చింది ఆ పెదనాన్నే.

నాకు ఊహ తెలిశాక ఆ ఆఫీసరుకి బదిలీ అయింది. గొడుగావిడ వీడ్కోలు చెప్పడానికి మా ఇంటికొచ్చింది. నాన్న చేతులు జోడించి, ఆ రోజు మీరు రాకపోతే నాకీ సంసారం లేదమ్మా అన్నాడు. అంటూ ఏడ్చేశాడు. ఆయన ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆ రోజు మా పెట్టెలు కూడా సర్ది ఉన్నాయి బాబాయ్. వెళ్ళాలనుకునే కుటుంబాలు వెళ్ళొచ్చని ముందురోజే చెప్పారు. మాకు మీ ఊరు సంగతి ఏం తెలుసు? రోజూ పొద్దున హారన్ వినపడితే, డ్రైవరు వచ్చాడు, ఊరు ఇంకా మనతోనే ఉంది అనుకునేవాళ్ళం. ఆ రోజు రెండుసార్లు వినపడింది. అప్పుడే పెట్టె విప్పేశాను."

నాన్న ఇన్నేళ్ళూ వాళ్ళ కిటికీలని మేమే చూస్తున్నాం అనుకున్నాడు గానీ, తన కోసం కూడా అక్కడ చెవులు రిక్కించుకుని ఉంటారని ఆయనకి తట్టనేలేదు. ఆ తర్వాత జ్వరమొచ్చినా, వానొచ్చినా ఒక్కరోజు కూడా బస్సు మానలేదు. గొడుగావిడకి, నర్సమ్మకి, పేరైనా తెలియని ఆ తల్లులకి నా ప్రాణం రుణపడి ఉంది. అది చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

ఇప్పుడు ఆ బస్సు నడిపేది కొత్త డ్రైవరు. బండి తాళాలు ఇచ్చేటప్పుడు నాన్న ఆయనకి బ్రేకుల గురించి, గుంతల గురించి ఏమీ చెప్పలేదు. క్యాంపు గేటు దగ్గర హారన్ మాత్రం గట్టిగా కొట్టమన్నాడు. పక్కనే ఉన్న మా అమ్మ, ఇంకాస్త గట్టిగా కొట్టమంది.