ఏం పోతుందని అడగమన్న వసుంధర

“విండోస్ ఉండనీ వసూ. ఆఫీస్ లాగిన్ అందులోనే అవుతుంది.”

“అందుకే వద్దంటున్నా.”

“ఇన్షూరెన్స్ పోతే ట్రీట్‌మెంట్‌కి ఏం చేస్తాం? నా వీసా కూడా నీ జాబ్ మీదే ఉంది. అదీ గుర్తు చెయ్యాలా?”

“రోజూ చేస్తూనే ఉన్నావుగా రవీ.”

మొన్న మా మనవరాలు నా పక్కన కూర్చుని, చేతుల్లో పట్టుకు ఆడుకునే ఆ ఆటల కంప్యూటర్ నొక్కుతుంటే, దాని వెనక నుంచి వేడిగాలి వచ్చి నా మోచేతికి తగిలింది. వెంటనే ఈ మాటలు చెవిలో పడ్డట్టయింది. మూడేళ్ళ క్రితం అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్ళో, మా అమ్మాయి అపార్ట్‌మెంట్ ఎదురింట్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ఆలుమగలు ఇలా వాదించుకుంటుంటే నేను పప్పుగిన్నె పట్టుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడిపోయాను. వసుంధర ఇప్పుడు లేదు.

అంతకు ఏడాది ముందు, పరిచయమయ్యేనాటికి, ఆమెకు నలభై ఏళ్ళు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. ఆ ఉద్యోగం మీదే ఇద్దరూ అమెరికాలో ఉండేవారు; రవికి పని చేసుకునే అనుమతి లేదు. మొదట్లో ఆమె నాకు నచ్చలేదు. నలభై ఏళ్ళ ఆడది బొమ్మల ఆటలాడడమేమిటి, కొత్తిమీర కాడలు చెత్తబుట్టలో వేయడమేమిటి అని మొహం మీదే అడిగాను. “కాడలు మీకు పంపిస్తా పెద్దమ్మా. ఆట మాత్రం మాననుగా” అంది. మర్నాటి నుంచి నిజంగానే కాడలు కవర్లో వేసి మా తలుపు పిడికి తగిలించేది.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఒకసారి నా ఫోన్‌లో చోటు నిండిపోయిందని, ‘శుభ్రం చేయి’ అని తెలుగులోనే వచ్చింది. శుభ్రం మంచిదే కదా అని నొక్కాను. చనిపోయిన మా అక్క పంపిన వాయిస్ మెసేజీలన్నీ పోయాయి. వసుంధర రెండు గంటలు కూర్చుని వెతికింది, దొరకలేదు. ఓదార్చలేదు. “పెద్దమ్మా, ఇవన్నీ ఏం వస్తుందో పెద్దక్షరాల్లో చెప్తాయి. ఏం పోతుందో చిన్నక్షరాల్లో రాస్తాయి. అది అడక్కుండా దేన్నీ నొక్కకండి” అంది. ఆ తరువాత ప్రతి మధ్యాహ్నం పావుగంట, ఆ చిన్నక్షరాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కూడబలుక్కుని చదవడం నేర్పింది. తప్పు చదివితే కసురుకునేది. నన్ను కసిరేవాళ్ళు అప్పటికి ఎవరూ మిగల్లేదు.

మరుసటి ఏడు ఆమె చేతులు చచ్చుబడడం మొదలైంది. నరాల జబ్బు, తగ్గేది కాదన్నారు. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంటే మణికట్లు వాలిపోయేవి. మా మనవరాలి దగ్గరున్నలాంటి తన ఆటల కంప్యూటర్ని మాత్రం దిండు మీద ఆనించి పట్టుకోగలిగేది. రవి దాన్నే ఆఫీసు పనికి సిద్ధం చేశాడు. కంపెనీ కూడా సరేనంది. అందులోంచి విండోస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తీసేస్తానని ఆమె ఆ ఆదివారం పట్టుబట్టింది.

రవి నన్ను చూసి “మీరైనా చెప్పండి పెద్దమ్మా” అన్నాడు.

“నాకేం తెలుసు నాయనా. ఆ ఆపరేటింగ్ సిస్టమంటే ఏమిటో చెప్పండి ముందు.”

“ఇంట్లో ఎవరి పెత్తనమనేదే పెద్దమ్మా” అంది వసుంధర. “ఇప్పుడున్నదాంట్లో ఆఫీస్, ఆటలు రెండూ నడుస్తాయి. నేను పెట్టేది లైనక్స్‌లో ఆటల కోసమే చేసిన రకం, అందులో ఆఫీస్ రాదు. అలసిపోతే బటన్ నొక్కి పడుకోవచ్చు. లేచి నొక్కితే ఆగినచోటే ఉంటుంది. ఆఫీస్ నా కోసం అలా ఆగదు.”

“చోటుంటే రెండూ ఉంచుకో. ఉన్నదాన్ని పారెయ్యడమెందుకు?” అన్నాను. నాకు తోచిన న్యాయం అదే.

“ఉంచొచ్చు. కానీ ఆన్ చేసినప్పుడల్లా ఏది కావాలని అడుగుతుంది. రోజూ పొద్దున్నే ఆ ప్రశ్నకి జవాబు చెప్పే ఓపిక లేదు నాకు.”

రవి కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

పెన్‌డ్రైవ్ అప్పటికే ఆ కంప్యూటర్‌కి గుచ్చి ఉంది, అందులో లైనక్స్. “ఈ రెండు బటన్లూ కలిపి నొక్కిపట్టాలి. నా వేళ్ళు నిలబడట్లేదు” అంది.

నేను చెయ్యి చాపలేదు. “ఏం పోతుంది?” అన్నాను.

చిన్నగా నవ్వింది. తరువాత ఏదీ దాచకుండా చెప్పింది. “ఆఫీస్ పోతుంది. కొన్నాళ్ళకి ఇన్షూరెన్స్ పోతుంది. రవికి ఇక్కడుండే కాగితం పోతుంది.”

“వచ్చేదేమిటి?”

“ఈ బొటనవేళ్ళు కదిలినన్ని రోజులూ నావి.”

నాకు ఆమె మీద కోపం వచ్చింది. అయినా నొక్కిపట్టాను. చివర్లో తెర మీద వచ్చిన ఇంగ్లీషు ముక్కలు నేనే కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. అంతా చెరిగిపోతుంది, తిరిగి రాదు అని ఉంది. నొక్కాను.

మూడో నెలకే బొటనవేళ్ళు పడిపోయాయి. ఇద్దరూ ఇండియా వెళ్ళిపోయారు; ఖమ్మంలో, పుట్టింట్లో, ఏడు నెలలు తిరక్కుండా ఆమె పోయింది. నేను చేసింది ఒప్పో తప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. బ్యాంకువాళ్ళు కాగితం పెట్టినా, డాక్టరు సంతకం అడిగినా, కన్నబిడ్డలే మంచిమాట చెప్పినా, ఏం పోతుందనే ముందు అడుగుతాను. నాకు చాదస్తమంటారు. ఆమె చెప్పినంత సూటిగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఏం పోతుందన్నానే గాని ఎవరిది పోతుందని అడగలేదు. ఆ మాట నేనే తరువాత చేర్చుకున్నాను.

ఆ ఆదివారానికి మర్నాడు పొద్దున ఎనిమిదింటికి వసుంధర ఆఫీసుకు ఫోన్ చేసి ఉద్యోగం మానేస్తున్నానని చెప్పింది. మాట్లాడినంతసేపూ రవి పక్కన నిలబడి ఫోన్ ఆమె చెవి దగ్గర పట్టుకున్నాడు.