మీడియా రూమ్‌లో ఒక్క బటన్

అమెరికాలో, టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో తెలుగువాళ్లు ఎవరు ఇల్లు కొన్నా పంతులుగారి తర్వాత పిలుపు కేశవరావుకే వెళ్లేది. చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ప్రాణం మాత్రం స్పీకర్ల మీద. శనాదివారాలు అటకెక్కి వైర్లు లాగి, స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్ కనెక్ట్ చేసి, ఒక ప్లేటు పులిహోర తిని వచ్చేవాడు. ఆఫీసులో ఎవరికీ పట్టని మనిషికి ఆ పిలుపే పెద్ద మర్యాద.

శశికాంత్ ఇంట్లోనూ అలాగే రెండు వారాలు సినిమాలు చూసే మీడియా రూమ్‌లో మోకాళ్ల మీద పాకి ఏడు స్పీకర్లు పెట్టాడు. గృహప్రవేశం నాడు పొద్దున శశికాంత్ పూజకి మంత్రాలు వేసి, గది నిండా హోరుగా ఉందని రిసీవర్‌ని స్టీరియో మోడ్‌లోకి మార్చాడు. ఆ మోడ్‌లో ముందున్న రెండు స్పీకర్లే పలుకుతాయి. మార్చినవాడు ఆ సంగతే మరిచిపోయాడు. మధ్యాహ్నం నలభై మందిని కూర్చోబెట్టి సినిమా వేస్తే వెనక స్పీకర్లు మూగనోము పట్టాయి.

"ఫ్రీగ చేయించుకుంటే గిట్లనే ఉంటది," అన్నాడు శశికాంత్. "రేపు ప్రొఫెషనల్‌ను పిలిపిస్త."

అందరూ నవ్వారు. గులాబ్ జామూన్ కప్పు పట్టుకుని నిలబడ్డ కేశవరావుకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఏ ఇంటి నుంచీ స్పీకర్ల పనికి పిలుపు రాలేదు. ఏ నవ్వు ఏ కుర్చీలోంచి వచ్చిందో అతను మాత్రం మరిచిపోలేదు. పాము పగబట్టినట్టు పగబట్టాడు.

వచ్చిన ప్రొఫెషనల్ మహానుభావుడు ఆల్ ఛానల్ స్టీరియో నొక్కి చక్కా పోయాడు. ఆ మోడ్‌లో ముందు ఏది పలికితే వెనకా అదే. ఏడూ మోగుతున్నాయి కదా అని శశికాంత్ ఊరంతా చెప్పుకున్నాడు. ఆ గొప్పల్లోనే తప్పు పసిగట్టిన కేశవరావుకు విన్నకొద్దీ కడుపు చల్లబడింది. ఎనిమిది నెలలు కాచుకున్నాడు.

శశికాంత్ కూతురి పుట్టినరోజుకి అదే గదిలో దాదాపు అదే జనం కూర్చున్నారు. సినిమాలో వానలో మాటల సీను. అమ్మాయి తెర మీద ఉంటే ఆమె మాట వీపు వెనక నుంచీ వస్తోంది. కేశవరావు రిమోట్ అడిగి తీసుకుని, నెమ్మదిగా ఒక బటన్ నొక్కి సరౌండ్ మోడ్‌లో పెట్టాడు. మాట తెర దగ్గరికి వెళ్లిపోయింది. వాన మాత్రం అందరి వెనకా కురిసింది. పిల్లలు వెనక్కి తిరిగి గోడవైపు చూశారు.

"ఆ రోజు పొద్దున మంత్రాలకి స్టీరియోలో పెట్టి మర్చిపోయావు శశీ," అన్నాడు కేశవరావు. "వైర్లన్నీ నేను వేసినవే. ఒక్కటీ మారలేదు."

శశికాంత్ మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. జనం మళ్లీ నవ్వారు, ఈసారి అతన్ని చూసి. కేశవరావు మళ్లీ పాత మోడ్‌లోనే పెట్టేసి రిమోట్ అతని చేతికిచ్చాడు.

"నీ ప్రొఫెషనల్ పెట్టిందే ఉంచుకో."

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ముగ్గురు వచ్చి, వచ్చే శనివారం తమ ఇంటికి రమ్మన్నారు. కారెక్కాక కేశవరావు కూనిరాగం తీశాడు. హైవే మీదికి వచ్చాక భార్య శాంతి అడిగింది.

"స్టీరియోలో ఉందని ఆ రోజు మీకు తెలీదా?"

"డిస్‌ప్లే మీద కనపడుతూనే ఉంది."

"మరి అప్పుడే నొక్కేస్తే పోయేది కదండీ. ఎనిమిది నెలలు ఇంట్లో మాతో కూడా సరిగ్గా మాట్లాడలేదు మీరు."

"నొక్కితే వాడు సారీ అన్నా అనేసేవాడు," అన్నాడు కేశవరావు. "నేను క్షమించాల్సొచ్చేది."