మా వదిన విరిచిన సూదులు

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. ఆ లెక్కన మా వదినకు ఒకటిన్నర మొగుళ్లు ఉండాలి. కానీ మా అన్నయ్య ఏ పనీ సగానికి మించి చేసిన పాపాన పోలేదు కాబట్టి మొత్తం కలిపినా ఒక్కడే. ఆ రెండో సగం నేనే. ఇంట్లో ఒకే పొయ్యి దగ్గరా, పనిలో ఒకే బల్ల దగ్గరా ఆమెను అంటిపెట్టుకుని ఉంటాను. ఆమె కుడుతుంది, నేను దారాలు తుంచుతాను. ఆమె మాట్లాడుతుంది, నేను మాట తుంచుతాను. "నీకు కత్తెర దండగే అమ్మాయ్, నోరుందిగా" అంటుంది ఆవిడ.

మేము పనిచేసేది బడిపిల్లల చొక్కాలు కుట్టే చోట. ఒక పాత భవనం పై అంతస్తులో పొడుగాటి గది. కిటికీల వైపు ఒక వరస మిషన్లు, గోడ వైపు ఒక వరస, ఆ చివర ఇస్త్రీ బల్ల. చొక్కా మొత్తం ఎవరూ కుట్టరు, ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క. కాలర్లు కుట్టే పెద్దావిడ కాలర్ల మామ్మ. కాజాలు కుట్టే పిల్ల కాజా. ఇస్త్రీ చేసే ఆయన ఇస్త్రీ బాబాయ్. మా వదిన జేబులు కుడుతుంది. లోకంలో ఎంతమంది పిల్లలకు జేబులు కుట్టిందో లెక్కలేదు గానీ, మా ఇంట్లో ఎవరి జేబు తడిమినా ఆమె కుట్టిన దారం తప్ప ఏమీ తగలదు.

ఇక్కడ ఒక నియమం ఉంది. మిషన్ సూది విరిగితే దాని ముక్కలన్నీ దొరకాలి. చిన్న మొన చొక్కాలో ఉండిపోయినా ఏ పిల్లాడికో గుచ్చుకుంటుంది. అందుకని విరిగిన ముక్కలన్నీ చిన్న పళ్లెంలో పెట్టి చూపిస్తే, సూపర్‌వైజర్ గారు వాటిని పక్కపక్కన పేర్చి, పూర్తి సూది అయిందని నమ్మకం కుదిరాక కొత్తది ఇస్తారు. అంతవరకూ మిషన్లన్నీ ఆగాల్సిందే. అందరూ నేలమీద వంగి వెతకాల్సిందే.

నియమం కంపెనీది. కట్టుబాటు మాత్రం మాది. ఒకసారి అందరం నోళ్లు మూసుకుని వెతుకుతుంటే కాలర్ల మామ్మకు ఒళ్లు మండింది. "ఏంటీ మూగనోము? సూది విరిచినదానివి నువ్వే కదా, ఏదన్నా చెప్పవే, నడుంనొప్పి మర్చిపోతాం" అంది ఎవరినో. ఆ అమ్మాయి తన మొగుడు వదిలేసి పోయిన కథ చెప్పింది. చెప్పి, చాలా తేలిగ్గా ఉందంది. అప్పటినుంచీ అదే పద్ధతి. ఎవరు సూది విరిస్తే వాళ్లు తమ కష్టం ఒకటి చెప్పాలి. సొంతదై ఉండాలి, నిజంగా జరిగినదై ఉండాలి. పక్కింటివాళ్ల కష్టాలు పనికిరావు.

ఇస్త్రీ బాబాయ్‌కి ఇందులో పెద్ద అన్యాయం జరిగింది. ఆయనకు సూది లేదు. "నా కష్టం ఎప్పుడు చెప్పుకోను తల్లీ?" అంటాడు. చెప్పుకునే వీల్లేక, అందరి కష్టాలకీ తానే ఏడుస్తాడు. ఏ కథయినా సగానికి వచ్చేసరికి ఆయన భుజంమీద తువ్వాలు తడిసిపోతుంది.

ఇక మా వదిన సంగతి. ఆమె సూది విరగడం ఎంత అరుదంటే, విరిగిన రోజును మేము గుర్తుపెట్టుకునేవాళ్లం. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి పాఠం ఆమే చెప్పేది. "గుడ్డని లాగకు. దాని దారిన దాన్ని నడవనీ. నువ్వు లాగితే సూది వంగుతుంది, వంగితే కింద రేకుకి తగులుతుంది, తగిలితే టప్పుమంటుంది" అనేది. అలాంటి మనిషికి చెప్పే వంతు వచ్చినప్పుడు మాత్రం గది గదంతా నవ్వాల్సిందే.

"పెళ్లయిన కొత్తలో మా గది కప్పు కారేది" అని మొదలుపెట్టింది ఒకసారి. "ఒక పక్క మొగుడు నిద్రపోతున్నాడు. ఇంకో పక్క కుట్టుమిషన్. ఉన్నది ఒకటే గొడుగు. మొగుడు తడిస్తే ఆరతాడు. మిషన్ తడిస్తే తుప్పు పడుతుంది. మీరే చెప్పండి, ఎవరికి పట్టాలి?"

ఇంకోసారి మా అన్నయ్య కోళ్ల వ్యాపారం. గంపెడు కోడిపిల్లల్ని తెచ్చి, వాటికి వెచ్చగా ఉండాలని మంచం మీద దుప్పటి కప్పి, వీళ్లిద్దరూ నేలమీద పడుకున్నారట. ఇంటి ఓనరు తలుపు కొట్టి ఆ గోలేంటని అడిగితే, "పిల్లలండీ" అందట వదిన. "మొన్నే కదమ్మా పెళ్లయింది, అప్పుడే అంతమందా?" అన్నాడట ఆయన. రోగమొచ్చి అవన్నీ చచ్చాయి, ఆ నెలంతా వాళ్లిద్దరికీ పూటకు తిండి లేదు. ఆ సంగతి మాకు ఎప్పుడో సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు గుర్తొచ్చేది. చెప్పేటప్పుడు మాత్రం కాజా పిల్ల నేలమీద దొర్లింది.

పుట్టీపుట్టగానే పోయిన మొదటి బిడ్డ గురించి కూడా ఆవిడ అలాగే చెప్పింది. "ముందే చొక్కా కుట్టి పెట్టాను, జేబుతో సహా. పసిగుడ్డుకి జేబెందుకే, ఏం దాచుకుంటాడు అని మా అత్తగారు ఒకటే తిట్టు. ఏం చెయ్యను, జేబు లేకుండా చొక్కా వదిలితే నా చేతికి తోచదు." మేము నవ్వేశాం. నవ్వాక ఆ నవ్విన మొహాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఆ మాటలన్న మా అమ్మ ఆ తర్వాత ఎన్ని రోజులు అన్నం ముట్టలేదో నాకు తెలుసు.

కాలర్ల మామ్మకు ఈ వరస నచ్చేది కాదు. "నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదంటారు. ఇద్దరూ మన గదిలోనే ఉన్నారు. కష్టం చెప్పమంటే కామెడీ చెప్తావేంటే?" అని కసిరింది.

"పడ్డప్పుడే ఏడ్చేశాను మామ్మా. మళ్లీ ఇప్పుడు కూడా ఏడిస్తే డబుల్ డ్యూటీ కాదూ?" అంది వదిన.

కిందటి వానాకాలం వెళ్లాక వదిన మిషన్ మీద సూదులు విరగడం మొదలైంది. మొదట్లో అందరికీ సంబరమే. తర్వాత తర్వాత మరీ తరచుగా విరుగుతున్నాయి. జేబు మూల దగ్గర సూదిని గుడ్డలో దించి, గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదం ఎత్తి, గుడ్డ తిప్పాలి. సరిగ్గా అక్కడే ఆవిడ గుడ్డని గుంజుతోంది, టప్పుమంటోంది. ఏది చేయొద్దని ఊరందరికీ చెప్పిందో అదే చేస్తోంది. దాంతో మామ్మ తీర్పు చెప్పేసింది. "దానికి తెలీక లాగుతోందా? కావాలనే లాగుతోంది. కథలు చెప్పే దురద." ఆ మాట అందరికీ సబబుగానే తోచింది, నాకూ తోచింది. నోరు ఊరుకోక, "ఇవాళ ఎన్ని విరుస్తావు వదినా, వెతకడానికి చాప తెచ్చుకుంటాను" అన్నాను కూడా.

"తెచ్చుకో, దిండు కూడా తెచ్చుకో" అని నవ్వేసింది వదిన. కాదని మాత్రం అనలేదు.

సూపర్‌వైజర్ గారికి నవ్వు రాలేదు. ఆయన చేతి గడియారం చూసుకోకుండా మంచినీళ్లు కూడా తాగడు. "ఏమ్మా, ఇది పనిచేసే చోటా, పురాణం చెప్పే చోటా? ఇంకొక్క సూది విరిగిందంటే నిన్ను మిషన్ మీంచి లేపి ప్యాకింగ్‌లో కూర్చోబెడతాను" అన్నాడు. వదిన తల వంచుకుంది. ఒక్క జోకు కూడా వేయలేదు. నాకది వింతగానే అనిపించింది.

ఎందుకు వేయలేదో మర్నాడు పొద్దున తెలిసింది. వంటింట్లో పాలు పొంగుతుంటే వదిన ఉత్త చేత్తో గిన్నె దించి గట్టుమీద పెట్టింది. గబుక్కున వదిలేయలేదు. చెవి తమ్మె పట్టుకోలేదు. తాపీగా పెట్టి, నావైపు తిరిగి, స్నానానికి ఇంతసేపేంటని దులపడం మొదలుపెట్టింది. ఆవిడ చెయ్యి ఊపుతుంటే చూశాను. వేళ్ల కొసలు ఎర్రగా ఉబ్బిపోయి ఉన్నాయి.

"వదినా, కాలింది!"

తన వేళ్లని ఎవరివో చూసినట్టు చూసుకుంది. "ఎప్పుడు కాలింది?" అని నన్నడిగింది.

కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పింది. కుడిచేతి బొటనవేలూ దాని పక్క రెండూ. మొదట తిమ్మిర్లు అనుకుంది. ఇప్పుడు ఆ తిమ్మిరి కూడా లేదు. చూస్తేగానీ గుడ్డ చేతిలో ఉందో లేదో తెలీదు. పట్టు చాల్లేదనుకుని గుంజుతుంది, సూది పోతుంది.

"మరి వాళ్లంతా కావాలనే విరుస్తున్నావంటే నవ్వుతూ కూర్చున్నావేం?"

"అనుకోనీ. వాగుడుకాయ అనుకుంటే నా మిషన్ నాకుంటుంది. చెయ్యి పడిపోయింది అనుకుంటే ఉంటుందా? దానిమీద కూర్చున్నప్పుడే నేను మనిషినని నాకనిపిస్తుంది."

"డాక్టరు దగ్గరికి పోదాం పద."

"పోతే కుట్టొద్దంటాడు. పోకపోతే ఎవరూ అనరు."

"కోడిపిల్లల దగ్గర్నుంచీ అన్నీ చెప్పుకున్నావుగా వాళ్లతో. ఇది చెప్పడానికేం?"

"అవి అయిపోయిన కష్టాలే అమ్మాయ్. వాటిమీద నేను కూర్చుని చెప్తాను. ఇది నామీద కూర్చుంది" అంది. ఇంకేదో అనబోతుంటే, "కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది. నోరు మూసుకో" అని లేచిపోయింది. నేను నిజంగానే మూసుకున్నాను. నా చరిత్రలో అది మొదటిసారి.

రెండు మూడు రోజులు గడిచాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక జేబు మూల దగ్గర ఆ టప్పు మళ్లీ వినబడింది. నేను కత్తెర కింద పెట్టేశాను. మిగతావాళ్ల మొహాలు మాత్రం వెలిగిపోయాయి. మిషన్లు ఆగాయి, అందరూ నేలమీదికి దిగారు. సూపర్‌వైజర్ గారు చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"చెప్పక్కా" అంది కాజా, మోకాళ్లమీద పాకుతూ.

వదిన కాసేపు తన చేతిని చూసుకుంది. తర్వాత మామూలు గొంతుతోనే మొదలుపెట్టింది. "ఒకావిడ ఉందే..."

"సొంతది చెప్పాలి" అంది మామ్మ.

"సొంతదే మామ్మా. ఒకావిడ చేతికి మూడు వేళ్లు రాజీనామా ఇచ్చి వెళ్లిపోయాయి. మనుషులు చూస్తే బాగోదని అరచేతికి అతుక్కుని ఉన్నాయంతే." అందరూ కిసుక్కుమన్నారు. "మొన్న మరుగుతున్న పాలగిన్నె ఎత్తింది. కాలిన సంగతి చేతికి తెలీలేదు, ఆడపడుచు వచ్చి చెప్పాల్సొచ్చింది. ఆడపడుచు ఉన్నందుకు ఇన్నేళ్లకు అదొక్కటే లాభం." గది గొల్లుమంది. ఇస్త్రీ బాబాయ్ కడుపు పట్టుకున్నాడు. నేనొక్కదాన్నే నవ్వలేదు.

"జేబు మూల తిప్పబోతుంది. గుడ్డ దొరికిందో లేదో తెలీదు. గుంజుతుంది. సూది విరుగుతుంది. అందరూ ఏమో, కథల కోసం విరుస్తోంది అనుకుంటారు. ఆవిడా పోనీలే అని అలాగే అనుకోనిస్తుంది."

ముందు మామ్మ నవ్వు ఆగింది. తర్వాత కిటికీల వరస. ఇస్త్రీ బాబాయ్‌ది అందరికంటే ఆలస్యంగా ఆగింది. కాజా చిన్నపిల్ల, దానికింకా అర్థం కాలేదు.

"తర్వాతేమైందక్కా?" అంది.

వదిన నోరు తెరిచింది. అక్కడ ఎప్పుడూ ఒక జోకు తయారుగా ఉంటుంది. మేమంతా దానికోసం ఎదురుచూశాం. దేవుడా, ఒక్కటి వేసెయ్యి వదినా అనుకున్నాను.

"తెలీదే" అంది వదిన. "ఇంకా అవలేదు."

అని ఏడ్చింది. ఈవిడ కథల్లో ఏడుపే ఉండదని ఇన్నాళ్లూ దెప్పినవాళ్లకు, తీరా వచ్చాక ఆ ఏడుపును ఏం చేసుకోవాలో తెలీలేదు. అందరికీ ఏడ్చిపెట్టే ఇస్త్రీ బాబాయ్ ఒక్క చుక్క రాల్చలేదు. వెళ్లి ఇస్త్రీపెట్టె స్విచ్చు తీసేసి, కుర్చీ తెచ్చి, ఎవరికి వేయాలో తెలీక పట్టుకుని నిలబడ్డాడు.

"లేవమ్మా" అన్నాడు సూపర్‌వైజర్ గారు.

"ప్యాకింగ్‌కాండీ?"

"ఆస్పత్రికి. ఇంకాసేపాగితే డాక్టరు ఉండడు."

వదిన లేవలేదు. "నా మిషన్ మీద ఎవర్ని కూర్చోబెడతారు?"

ఆయన గొంతు సవరించుకునేలోపే మామ్మ అందుకుంది. "నేను కూర్చుంటాను. కాలర్లూ జేబులూ రెండూ కుడతాను. నువ్వొచ్చేదాకా ఇంకెవతె కూర్చుంటుందో నేనూ చూస్తాను."

"చెయ్యి బాగైతే మిషన్ నీదేనమ్మా" అన్నాడు ఆయన మెల్లగా.

"బాగవకపోతే?" అంది వదిన. మామ్మ ఆవిడ భుజం పట్టుకుని లేపింది.

ఇద్దరం మెట్లు దిగుతున్నాం. మా భవనంలో మెట్లు ఇరుకు, పట్టపగలు కూడా చీకటి. వదిన ఎడమచేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, కిందికి చూసుకుంటూ ఒక్కో మెట్టూ దిగుతోంది. అప్పటికి కాస్త తేరుకున్నట్టుంది. "నేను ఏడ్చానని మీ అన్నయ్యతో అనకు. నమ్మినా సగమే నమ్ముతాడు" అంది.

"అననులే."

"ఏంటే అలా బెల్లంకొట్టిన రాయిలా ఉన్నావు? ఏదన్నా మాట్లాడు."

మలుపు దగ్గర ఆవిడ కాలు కొంచెం తడబడింది.

"చెయ్యి పట్టుకోవే అమ్మాయ్, పడతాను" అంది.

ఆ మూడు వేళ్లూ మొదటి మెట్టు దగ్గర్నుంచీ నా గుప్పిట్లోనే ఉన్నాయి.

"పట్టుకున్నాను వదినా" అన్నాను.