కత్తెర కుర్చీలో కూర్చోని రోజు

మా తోడికోడల్ని అందరూ కత్తెర అనేవాళ్ళు. చేతిలో ఉండేది అదే, నోరూ అంతే. సంచుల షావుకారు దగ్గర ఏళ్ళ తరబడి కుట్టింది. తర్వాత మానేసి మా ముందుగదిలో సొంత మిషను పెట్టుకుంది. అక్కడ కుట్టిన సంచీనే ఇక్కడా కుట్టింది. దాని పిడి దగ్గర గుడ్డ మడిచి అడ్డంగా కుట్టేస్తారు, ఎంత బరువేసినా ఊడదు. ఆ మడత షావుకారు బుర్రలో పుట్టిందే, కాదనను.

ఆయన బజారంతా "నా సంచీ దొంగిలించింది" అని చెప్పుకొచ్చాడు. ఇక చూడు, పక్కింటావిడ మా ఇంటికొస్తే పర్సు చంకలోంచి తీయదు. ఆఖరికి కత్తెర మొగుడు, అంటే మా మరిది కూడా, "పోనీ తీసుకున్నది ఇచ్చేద్దామే, పరువు పోతోంది" అన్నాడు.

"ఏం ఇవ్వమంటావు? ఆయన కొట్లో ఒక్క సంచీ తగ్గిందేమో చూసి రా" అంది.

వాడు నిజంగానే వెళ్ళి చూసొచ్చాడు, మహానుభావుడు. "అన్నీ ఉన్నాయి. అయినా ఏదో పోయిందంటున్నారు కదే" అన్నాడు.

బజారు సంఘం పిలిచింది. కత్తెర బజార్లో అడిగిన కొట్టు ఇవ్వాలా వద్దా అన్నది ఆ రోజు తేలాలి. తోడుగా నేనూ వెళ్ళా. సంఘం పెద్దాయన కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"దొంగ అన్న మాట తీసేస్తేనే కూర్చుంటా బాబాయ్. ఆ మాట ఉన్నంతసేపూ మీకు శిక్ష తప్ప ఇంకోటి తోచదు."

"మరేమనాలమ్మా?"

"చూసి కుట్టింది అనండి. జరిగింది అదే. అది తప్పా కాదా అని అప్పుడడగండి, చెప్తా."

షావుకారు ఊరుకుంటాడా? "మాట మారిస్తే నా కష్టం మారుతుందా? ఆ మడత కోసం ఎంత గుడ్డ పాడైందో నీకు తెలీదూ?"

"తెలుసన్నా, ఆ గుడ్డలు కత్తిరించింది నేనేగా. కొన్నాళ్ళు నువ్వొక్కడివే కుట్టుకో, న్యాయమే. ఎన్నాళ్ళో చెప్పు. కలకాలం అంటే మాత్రం ఒప్పుకోను."

అప్పటిదాకా ఏం శిక్ష వేద్దామా అని గుసగుసలాడిన వాళ్ళు, ఎన్నాళ్ళు ఇద్దామా అని మాట్లాడుకోవడం మొదలెట్టారు. షావుకారు, తను బతికున్నంతకాలం అన్నాడు. "నీ ఉక్కులాంటి ఆరోగ్యం చూస్తే మాకు భయంగా ఉందయ్యా" అని నవ్వారు. చివరికి ఏడాది అన్నారు.

కత్తెర ఇంకా నిలబడే ఉంది. "మరి ఆ మాట సంగతి?" అంది.

షావుకారు నేల చూపులు చూస్తూ "సరే, చూసి కుట్టింది" అన్నాడు. అప్పుడు కూర్చుంది.

కొట్టు ఇచ్చారు. ఆ ఏడాదంతా దిండు గలీబులే కుట్టింది. ఎవరైనా చాటుగా సంచీ అడిగితే "ఏడాది కుట్టనని ఒప్పుకున్నా, పో" అనేది. నాకే మనసాగక, ఒక్కటి కుడితే ఎవరు చూస్తారే అన్నా.

"గడువు తీరాక ఎటూ కుడతా అక్కా, ఆపేవాడెవడు" అని మిషను తొక్కుతూనే ఉంది.