కొంగలు వాలిన సభ

వ్యవసాయంతో పాటు చేపలూ రొయ్యలూ కూడా తన శాఖలోనే ఉన్న కేంద్రమంత్రి మా చెరువు గట్టుకు వస్తున్నారని తెలిసిన రోజు దేవుడి ముందు ఒక దీపం ఎక్కువే వెలిగించాను. పామర్రు దాటి లోపలికి ఉండే మా ఊరికి పెద్దవాళ్లు రావడమే అరుదు. ఢిల్లీలో కూర్చుని ఎగుమతుల సంగతి తేల్చే మనిషి మా గట్టు మీద నిలబడతారంటే అది అమ్మవారి దయే అనుకున్నాను. మహిళా రైతుల తరఫున రెండు నిమిషాలు మాట్లాడమని నా పేరు రాసుకున్నారు. నేను బడి మొహం చూడలేదు. మా నాన్నగారు ఇంట్లో పలక మీద దిద్దించిన చదువే నాది. అయినా, కరెంటు రాయితీ గురించీ, బయటి దేశాల్లో మన రొయ్య మీద వేస్తున్న సుంకం గురించీ ఊళ్లోవాళ్లు అడగమన్న నాలుగు మాటలూ కాగితం మీద నేనే రాసుకున్నాను.

ఆ ఉదయం ముసురు పట్టింది. చెరువులో రొయ్యను పట్టి అమ్మే పట్టుబడికి ఇంకో పది రోజులుంది. అంత ఎదిగిన రొయ్యకు నీళ్లలో ఉన్న గాలి చాలదు. ఏరియేటర్లు, అంటే నీళ్లు చిమ్మే చక్రాలు, ఆగకుండా తిరగాలి. ఎండ లేని రోజైతే మరీను.

ఎనిమిదిన్నరకు సభ ఏర్పాట్లు చూసే అధికారి మా దగ్గరకొచ్చారు.

"ఆ చక్రాల మోతకి మైకులో ఒక్క ముక్క వినపడట్లేదమ్మా. మంత్రిగారు తొమ్మిదింటికల్లా వచ్చేస్తారు. ఒక్క అరగంట ఆపించండి."

మా ఆయన నసిగారు. "ముసురుగా ఉందండీ. అరగంటంటే అరగంటేనా?"

"బయల్దేరేశారండీ బాబూ, ఇంకెంతసేపు?"

మా ఆయన నా వైపు చూశారు. గడపలోకొచ్చిన పెద్దమనిషి మాట వినపడకపోతే ఏం మర్యాద? "అలాగేనండీ, ఆపిస్తాం" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

స్విచ్ బోర్డు ఉన్న షెడ్డు వేదిక వెనకే. భద్రత కోసమని దానికి తాళం వేసి పోలీసులు నిలబడ్డారు. మా ఆయన్ని అవతలి గట్టుకు పంపేసి, నన్ను వేదిక మీద నాలుగో కుర్చీలో కూర్చోబెట్టారు.

తొమ్మిదయింది. తొమ్మిదిన్నరయింది. "ఇప్పుడే బెంజ్ సర్కిల్ దాటారట" అని వెనక ఎవరో ఫోన్‌లో అంటున్నారు. అంటే ఇంకో గంట. లేచి అధికారి దగ్గరకు వెళ్లాను.

"బాబూ, ఈలోపు ఒక్కసారి చక్రాలు వేయించండి."

"మళ్లీ ఆపాలంటే గొడవండీ. తాళం నా చేతిలో లేదు. కూర్చోండమ్మా, టెన్షన్ పడకండి. మీ రొయ్యలేం లేచిపోవులెండి" అని నవ్వేశారు.

కూర్చుని నామం జపించుకుంటున్నాను గానీ కళ్లు నీళ్ల మీదే.

మొదట ఒక కొంగ వాలింది, ఈశాన్యం మూల. తర్వాత రెండు. కాసేపటికి ఆ మూలంతా తెల్లబడింది. "అబ్బ, ఏం సీను సార్!" అంటూ ఫోటోలు తీసేవాళ్లు అటు పరుగెత్తారు. కొంగలు ఊరికే వాలవు. గాలందక రొయ్య పైకి తేలి గట్టుకు చేరితేనే వాలతాయి. అవతలి గట్టు మీద మా ఆయన తువ్వాలు ఎత్తి ఊపుతున్నారు. చూసినవాళ్లు అది మంత్రిగారికి స్వాగతం అనుకున్నారు.

కార్లు వచ్చాయి. దండలూ శాలువాలూ అయ్యాక ముందు నన్నే పిలిచారు. చెప్పాల్సింది ఒక్క మాట. కానీ నా అలవాటే నన్ను ముంచింది. ఎవరితోనైనా ముందు దణ్ణం, తర్వాత కృతజ్ఞత, ఆపైనే పని. "అయ్యా, నమస్కారమండీ. మా కోసం ఇంత దూరం వచ్చినందుకు..." అని మొదలుపెట్టాను. పక్కన తర్జుమా చేసే ఆయన దాన్ని హిందీలో అందుకున్నారు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యే అధికారి "చాలా బాగా చెప్పారమ్మా" అంటూ మైకు లాగేశారు. మంత్రిగారికి ఆలస్యమైపోతోందట.

మంత్రిగారు మొదలుపెట్టారు. ఒక వాక్యం హిందీలో, మళ్లీ అదే తెలుగులో. ప్రతి మాటకూ రెండింతల సమయం. ఆయన మీద నాకు కోపం రాలేదు. చూపించిందే చూస్తున్నారు పాపం, కదలని నీళ్లూ తెల్ల కొంగలూ. చెరువు అంత ప్రశాంతంగా ఉండకూడదని ఆయనకు ఎవరు చెప్పాలి?

లేచి ఆయన పక్కకు వెళ్లాను.

"అయ్యా, రొయ్య చచ్చిపోతోందండీ. చక్రాలు వేయించండి."

తర్జుమా ఆయన తడబడి ఏదో రెండు ముక్కలు చెప్పారు. అందులో ధన్యవాద్ అన్న మాట ఒక్కటి నాకు తెలిసింది. మంత్రిగారు చిరునవ్వుతో నాకు చేతులు జోడించారు.

"నేను చెప్పింది అది కాదండీ!" నా గొంతు మైకులో మోగి నాకే భయమేసింది. చెరువు పనికి ఒడిశా నుంచి వచ్చేవాళ్ల దగ్గర విన్న హిందీ ముక్కలు కూడగట్టుకుని, కొంగల వైపు చెయ్యి చూపించి, "పానీ మే హవా నహీ" అన్నాను. నీళ్లలో గాలి లేదని.

ఆయన అటు చూశారు. నవ్వు ఆగింది. వేదిక దిగి నేరుగా నీళ్ల అంచుకు నడిచారు, వెనకే మేమూ. అక్కడ రొయ్యలు బారులుగా చేరి, మీసాలు పైకి పెట్టి, కదలలేక కదులుతున్నాయి.

"ఆపి ఎంతసేపైంది?" తర్జుమా ఆయన ఈసారి ఉన్నదున్నట్టు అడిగారు.

"రెండు గంటలు దాటిందండీ."

"ఎవరు ఆపమన్నారు?"

అధికారి నా మొహంలోకే చూస్తున్నారు. అబద్ధం ఆడలేను, ఒక్కరి మీదే తోసెయ్యనూ లేను. "అడిగింది వీరండీ. సరేనన్నది నేను" అన్నాను.

మంత్రిగారు చెయ్యి ఊపగానే తాళం తీశారు. చక్రాలు తిరిగాయి. ఆ మోతలో ఇక ఉపన్యాసం సాగలేదు. ఆయన కాసేపు నీళ్లను చూసి, నాకు నమస్కారం పెట్టి కారెక్కారు. ఊళ్లోవాళ్ల కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది. పరుగెత్తి ఆయన వెంట వచ్చిన సహాయకుడికి ఇస్తే, చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కేంద్రమంత్రి దొరికితే స్విచ్చి వేయించుకుంది మా వదిన!" అన్నాడు పక్క చెరువు రైతు, అందరూ వినేలా. వాళ్ల మాట నేను అడగనేలేదు కదా.

మూలన చచ్చిన రొయ్యను బుట్టలతో ఎత్తి పోశాం. మిగిలింది బతుకుతుందో లేదో తెలియదు. దెబ్బ తిన్న రొయ్య మేత ముట్టదు. మధ్యాహ్నం మేత వేసి, గంటన్నర ఆగి, మేత తిన్నాయో లేదో తెలియడానికి నీళ్లలో వేలాడదీసిన చెక్ ట్రేను మా ఆయన పైకి లాగారు. పెట్టిన మేత పెట్టినట్టే ఉంది. ఇద్దరం అన్నానికి లేవకుండా గట్టు మీదే కూర్చున్నాం. సాయంత్రం మేత వేశాక మళ్లీ లాగారు. ట్రేలో సగమే మిగిలింది.

"తిన్నాయే" అన్నారు.

ట్రేను తిరిగి దింపబోయారు. తాడు నేను పట్టుకున్నాను.